కిడ్నీకి ఎల్లలు తీసేశారు, వైద్యం డబ్బుకు తీయలేదు

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టు తరచూ కనబడుతూనే ఉంటుంది. ఊళ్లో నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్, అమ్మ కిడ్నీ ఇస్తానంది, ఆపరేషన్‌కు ఇన్ని లక్షలు కావాలి, కింద క్యూఆర్ కోడ్. మనం ఐదొందలో వెయ్యో పంపి, దండం బొమ్మ పెట్టి, పక్క గ్రూపులోకి తోసేస్తాం. దీన్ని మన మంచితనం అని చెప్పుకోవడం ఇక చాలు. ప్రభుత్వాలు దులిపేసుకున్న బరువు ఇది.

డబ్బు ఎవరికి వస్తోందో చూడండి. మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుక్కి కాలేజీ బ్యాచ్ ఉంది, పాత కంపెనీ స్నేహితులున్నారు, అమెరికాలో సీనియర్లున్నారు. మరి వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే అనంతపురం మేస్త్రీకో? ఫోనులో ఉన్న నంబర్లన్నీ తనలాంటి కూలీలవే. నాలుగు వాక్యాలు కళ్లు చెమర్చేలా రాయడం కూడా చదువుకున్నవాడికే చేతనవుతుంది. జబ్బు ఒకటే అయినా, తండ్రి బతుకు కొడుకు కాంటాక్టు లిస్టు మీద ఆధారపడుతోంది.

ఆపదలో ఉన్నవాడి ముందు ఈ వాదనలెందుకు, ముందు ప్రాణం నిలవనీ అంటారు. నిజమే. వచ్చే వారం ఆపరేషన్ ఉన్నవాడు అడగాల్సిందే, మనం ఇవ్వాల్సిందే.

కానీ చందాలు ఆపరేషన్ గది తలుపు దాకానే వస్తాయి. అసలు ఖర్చు అక్కణ్నుంచే మొదలు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ లాంటి మందులు వాడాలి. అదీ ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ. రక్తంలో మందు ఎంతుందో చూసే పరీక్షలు అదనం. నాలుగో ఏట మందుల బిల్లుకు క్యూఆర్ కోడ్ పెడితే గ్రూపులో ఎవరు తెరిచి చూస్తారు? డబ్బుల్లేక మాత్రలు మానేస్తే, ఇంతమంది కలిసి నిలబెట్టిన కిడ్నీ పాడైపోతుంది, మనిషి మళ్లీ డయాలసిస్ కుర్చీలో కూర్చుంటాడు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకునేవాళ్లకు ఒక మాట: ఉద్యోగం పోయిన రోజే సాధారణంగా అమ్మానాన్నల కవరేజీ కూడా పోతుంది. సొంతంగా కొత్త పాలసీ తీసుకుందామంటే, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. 2024కు ముందు అది నాలుగేళ్లు. అదీ అసలు పాలసీ ఇస్తేనే.

ఇక అసలు విషయానికి వస్తాను. 2023లో కేంద్రం ఒక మంచి పని చేసింది. జీవన్మృతుల (బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల) అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి స్థానికత షరతు వద్దంది, 65 ఏళ్ల వయోపరిమితి ఎత్తేసింది, నమోదు రుసుము తీసుకోవద్దని రాష్ట్రాలకు చెప్పింది. అంటే కడప రైతు బెంగళూరులో వరుసలో నిలబడొచ్చు. కేటాయింపులో రాష్ట్రాలు ఇప్పటికీ తమవాళ్లకే ముందు వరుస ఇస్తున్నాయనుకోండి, అది వేరే గొడవ. డబ్బు దగ్గర మాత్రం స్థానికత పదిలంగా ఉంది. చెన్నైలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నా, తమిళనాడు రేషన్ కార్డు లాంటి పత్రాలు లేకపోతే అక్కడి ముఖ్యమంత్రి బీమా పథకం దక్కడం కష్టం. సొంతూళ్లో కార్డు ఉందా అంటే, వలస వచ్చాక ఎప్పుడో తెగిపోయి ఉంటుంది.

దారి లేదనడం సాకు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీని ఎంపిక చేసిన చికిత్సలకు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకు విస్తరించింది. ఎల్లలు దాటి బిల్లు కట్టడం సాధ్యమేనని అప్పుడే తేలింది. పెట్టుబడుల కోసం మన మంత్రులు బెంగళూరు హోటళ్లలో సభలు పెడుతూనే ఉన్నారు. ఈసారి వచ్చినప్పుడు ఇక్కడి తెలుగువాళ్లు వాళ్లను రెండు విషయాలు అడగాలి. మార్పిడి తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులను పథకంలో ఎప్పుడు చేరుస్తారు? ఆ మందులు మేముండే ఊళ్లోనే తీసుకునేలా కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలతో ఎప్పుడు ఒప్పందం చేసుకుంటారు?