నగలు తీయించే సంఘాలు కులం గురించి ఎందుకు అడగవు?

మన తెలుగు సంఘాల్లో బాప్తిస్మం కావాలన్న ఆడవాళ్లకి ముందుగా చెప్పేది చాలాచోట్ల నగల గురించే. అన్నిచోట్లా కాదులెండి, లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ఈ పట్టింపు పెద్దగా ఉండదు, కానీ పెంతెకొస్తు సంఘాల్లో చాలావాటిలో చెవులవి, మెడలోవి తీసేశాకే నీళ్లలోకి దిగాలి, పుస్తెలు కూడా తీయించే చోట్లున్నాయి. నాకు తెలిసిన ఒక సంఘంలో ఒకామె ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వస్తుంది, కానుక వేస్తుంది, కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంది, ప్రభు భోజనం రొట్టె పళ్లెం తన వరుసలోకి వచ్చేసరికి మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుంటుంది, పళ్లెం ఆమెని దాటి పక్కామె చేతికి పోతుంది. భర్త విశ్వాసి కాదు, పుస్తెలు తీస్తే ఇంట్లో ఉండనివ్వడు, తీయకపోతే బాప్తిస్మం లేదు, బాప్తిస్మం లేకపోతే ప్రభు బల్ల లేదు, అంటే ఆ రొట్టె తీసుకోకూడదు. ఆమె విశ్వాసం ఎలాంటిదో ఆ సంఘంలో అందరికీ తెలుసు, అయినా మెడలో తాడే లెక్కలోకి వస్తుంది.

దీనికి చూపించే వాక్యం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. అక్కడ జడలు అల్లుకోవడం, బంగారు నగలు, బట్టలు మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. జడ వేసుకోవద్దని ఏ పాస్టర్‌గారూ చెప్పరు, బట్టల సంగతి అసలే రాదు, మధ్యలో ఉన్న బంగారం ఒక్కటే రూల్ అయ్యింది. పేతురు చెప్తున్నది ఆ వెంటనే వచ్చే మాట, సాధువైన, మృదువైన లోపలి స్వభావమే అలంకారం అని. ఆ స్వభావం ఉందో లేదో గుమ్మం దగ్గర నిలబడి చూడ్డం ఎవరివల్లా కాదు కదా, చెవులైతే చూడగానే తెలుస్తాయి. నా ఉద్దేశంలో సంఘాల్లో రూల్స్ పెరిగేది ఇందుకే, కంటికి కనిపించేదాన్ని పట్టుకుంటే కనిపించనిదాని గురించి అడిగే కష్టం తప్పుతుంది.

అలాగని నియమం మొత్తం చెడ్డదని నేను అనను, మన చరిత్రే ఒప్పుకోదు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గరికి మాదిగపల్లెల నుంచి జనం వచ్చినప్పుడు ఆయన చెప్పినవి మూడే మాటలు, ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి ఇవీ రూల్సే. కానీ ఊరి పెద్దలు పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాల్సిన మనిషి ‘ఆదివారం రాను’ అనడం, జాతరలో డప్పు కొట్టను అనడం ఆ రోజుల్లో చిన్న విషయమా? దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు, అయినా వెనక్కి పోలేదు. ఆ రోజుల్లో వచ్చిన పెద్ద కరువులో సాయం జరిగినన్నాళ్లు తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు, ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల విషయంలో నియమం నమ్మకంలోంచి పుట్టింది, మనిషిని తలెత్తుకునేలా చేసింది. ఇప్పటికీ తాగుడు మానాలన్న షరతు వల్ల నిలబడ్డ కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. యేసు కూడా పుదీనా, సోపు, జీలకర్రలో పదోవంతు ఇచ్చేవాళ్లని అది మానేయమనలేదు, అది ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని తిట్టాడు.

మన సంఘాలు వదిలేసింది ఏంటో చెప్పడానికి గలతీ పత్రిక రెండో అధ్యాయం చాలు. అంతియొకయ పట్నంలో యూదుడైన పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోజనం చేసేవాడు, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే భయపడి ఆ బంతి నుంచి పక్కకి జరిగాడు, పౌలు అందరి ముందూ నిలదీశాడు. మనిషి నీతిమంతుడయ్యేది యూదుల ధర్మశాస్త్రం వల్ల కాదు, క్రీస్తు మీద విశ్వాసం వల్లే అని పౌలు అంత గట్టిగా చెప్పింది ఈ గొడవలోనే, అంటే ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలి అన్న దగ్గర. ఈ అధ్యాయం మీద మన దగ్గర ఎన్ని ప్రసంగాలు జరిగినా ఇప్పటికీ గుంటూరు, ప్రకాశం వైపు ఫలానా చర్చి మాలలది, ఫలానాది మాదిగలది అని ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు, పెళ్లి సంబంధాల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు కూడా రాస్తారు, రెడ్డి, కమ్మ విశ్వాసులూ ఇందులో తక్కువేం కాదు. పెళ్లికూతురు బొట్టు పెట్టుకుంటే పెళ్లి చేయనన్న పాస్టర్‌గార్లని చూశాను, కులం చూసి కుదుర్చుకున్నారు కాబట్టి చేయనన్న ఆయన్ని ఒక్కరినీ చూడలేదు.

కులం పట్టింపు వదలాలంటే బంధువులు దూరమవుతారు, పిల్లకి సంబంధం దొరక్కపోవచ్చు, చాలా ఖర్చుతో కూడిన విధేయత అది, చెవులవి తీయడానికి దానితో పోలికే లేదు. క్రీస్తుని నిజంగా నమ్మామా లేదా అన్నది తేలేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన సంఘాల్లో చాలా సంబంధాలు పాస్టర్‌గార్ల ద్వారానే కుదురుతాయి, అంటే ఇది మార్చే అవకాశం అందరికంటే వాళ్ల చేతిలోనే ఎక్కువుంది. బాప్తిస్మం ఇచ్చే ముందు నగల గురించి అడిగినట్టే ‘మీ పిల్లల పెళ్లికి కులం చూస్తారా’ అని కూడా అడగమనండి, ముందు వాళ్ల ఇంట్లో పిల్లల పెళ్లిళ్ల దగ్గర మొదలుపెట్టమనండి.