పటేల్ విగ్రహం పట్టే గ్రౌండ్ క్లియరెన్స్

మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో ఒక కారు వార్త చదివాను. కొత్త ఎస్‌యూవీ. ధర, రంగులు, సన్‌రూఫ్ అన్నీ అయ్యాక చివర్లో ఒక వాక్యం: ‘దీని గ్రౌండ్ క్లియరెన్స్ 200 మీటర్లు.’ అంటే నేలకూ కారు అడుగుభాగానికీ మధ్య ఉండే ఖాళీ.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మీటర్లే.

అచ్చులో ఉన్నదాన్ని గౌరవించే తరం మాది. విలేకరి అంతటివాడు రాశాడంటే ఏదో ఉండే ఉంటుందని కాగితం, పెన్ను తీసుకున్నాను. గుజరాత్‌లో పటేల్ విగ్రహం, పీఠం వదిలేస్తే, 182 మీటర్లు. అంటే ఈ కారు ఆయన తల మీద వాలిన పావురాన్ని కూడా లేపకుండా దాటిపోతుంది. ఇంకా 18 మీటర్లు మిగులుతాయి. మన హుస్సేన్ సాగర్ బుద్ధుడి ఎత్తు కూడా సుమారు అంతే. కాబట్టి పటేల్ తల మీద బుద్ధుణ్ణి నిలబెట్టినా బండికి కింద తగలదు. ఐదుగురూ ఎక్కితే మాత్రం కొంచెం రాసుకుంటుందేమో. సస్పెన్షన్ కుంగుతుంది కదా.

ఇక సుఖాలు చూడండి. వానకు హైదరాబాద్ రోడ్లు చెరువులైనా సైలెన్సర్‌లోకి చుక్క నీరు రాదు. ఫ్లైఓవర్ ఎక్కే పని లేదు, మనమే ఫ్లైఓవర్. చిక్కల్లా ఎక్కడం దగ్గరే. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మామూలు జీపు ఎక్కాలన్నా ముక్కాలిపీట వెయ్యాలి. ఆవిడ అరవై అంతస్తుల ఎత్తు లిఫ్టులో వెళ్లి, సీట్లో సర్దుకుని, బెల్టు పెట్టుకుని, ‘గ్యాస్ కట్టేశానో లేదో’ అంటే? ట్రాఫిక్ ఎస్సై గారి బాధ ఇంకోటి. నంబర్ ప్లేటు ఫొటో తీయాలంటే డ్రోన్ కావాలి.

అవి మిల్లీమీటర్లని, అంటే జానెడైనా ఉండదని, కారు కింద దూరిన బంతిని చేత్తో తీసుకునే పిల్లాడికి కూడా తెలుసు. రాసినవాడికి తెలియలేదు, దిద్దాల్సినవాడు చదవలేదు. పోనీ ఒక్క చోటేనా అని వెతికితే ఇంకో నాలుగు చోట్ల అదే వాక్యం, అవే మీటర్లు. ఎద్దు ఈనిందని ఒకరు రాస్తే మిగతా వాళ్లు దూడను కట్టేశారు. అందులో ఒకాయన పాలెన్ని లీటర్లో కూడా రాశాడు.

అదే వార్తలో ‘సిక్స్ స్పీడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్’ అనే గేర్‌బాక్స్ ‘ఆరు వేగాల మానవీయ ప్రసారం’ అయింది. చదవగానే ఆకాశవాణి విజయవాడ కేంద్రం గుర్తొచ్చింది. ఎలక్ట్రిక్ కార్ల సంగతి చెప్పక్కర్లేదు. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీలో పట్టే కరెంటు 30.2 కిలోవాట్-అవర్లయితే, వీళ్ల చేతిలో ‘అవర్’ ఎగిరిపోయి కిలోవాట్లు మిగులుతాయి. బిందెలో ఎన్ని నీళ్లు పడతాయమ్మా అంటే, కుళాయి ధార బాగానే ఉందండీ అన్నట్టు.

వీటికి నవ్వుకుంటాను. కార్ల భద్రతకిచ్చే స్టార్ల దగ్గర మాత్రం నవ్వు రాదు.

పోయిన నెల మా మేనల్లుడు ‘సెకండ్ హ్యాండ్‌లో సేఫ్ కార్లు’ అని ఎక్కడో వచ్చిన జాబితా చూపించి, ‘మామయ్యా, పోలోకు ఫోర్ స్టార్ అంట, ఒకటి చూశాను’ అన్నాడు. వెళ్లాం. 2012 బండి, నిగనిగలాడుతోంది. స్టీరింగ్ మధ్యలో వేలితో తడిమి చూశాను. లోగో ఉంది. ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు లేవు.

2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు పెద్దల భద్రతలో వచ్చింది సున్నా. నాలుగు స్టార్లు వచ్చింది రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు. పేరొకటే, బండి వేరు. పోనీ ఎయిర్‌బ్యాగ్ ఉంటే చాలా? 2016లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న రెనో క్విడ్ కారుకు కూడా మొదట సున్నాయే. ఏ ఏడాదిది, ఏ వేరియంట్, గుద్దినప్పుడు బాడీ నిలిచిందా లేదా, ఇదీ వార్త. అది వదిలేసి నాలుగు పసుపు చుక్కలు అతికించారు. ధర తప్పు రాస్తే జేబుకు చిల్లు, ఎలాగో కుట్టుకుంటాం. మా వాడికి మూడేళ్ల కూతురుంది. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆ చుక్కలిచ్చిన ధైర్యంతో, నార్కట్‌పల్లి దాటాక వందలో పోయేవాడు. సిగ్గులేదా మీకు? వ్యూస్ లెక్కపెట్టుకోవడం వచ్చినవాళ్లకు రెండు ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టడం రాదా?

ఆ కోపంలోనే ఇంటికొచ్చి 200 మీటర్ల వాళ్లకు మెయిల్ పెట్టాను. పద్ధతిగానే, ‘ఆర్యా’ అని మొదలుపెట్టి. రెండు రోజులకు జవాబొచ్చింది: ‘మీ సూచనకు ధన్యవాదాలు. సరిచేశాం.’ వెళ్లి చూశాను. నిజంగానే సరిచేశారు.

‘200 సెంటీమీటర్లు.’

మా అత్తగారికి చెప్పాను, ఇక లిఫ్టు అక్కర్లేదు, నిచ్చెన చాలని.