బాబేజ్ సంగతి తర్వాత, ముందు మెయిల్ నేర్పండి

డిగ్రీలో కొత్తగా చేరిన పిల్లలకి కంప్యూటర్ పాఠం ఇంకా చార్లెస్ బాబేజ్‌తోనే మొదలవుతోంది. తర్వాత వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ర్యామ్‌కీ రోమ్‌కీ తేడా. పరీక్షలో మార్కులు పడతాయి, సరే. అదే పిల్లని ఓ ఫైలు సేవ్ చేసి మెయిల్‌లో పంపమనండి, బిక్కమొహం వేస్తుంది.

"పుట్టినప్పటి నుంచి ఫోన్ చేతిలోనే ఉంది, వీళ్లకి కొత్తగా నేర్పేదేముంది" అనే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లుమంట. రీల్స్ చూడటం వేరు, డౌన్‌లోడ్ అయిన ఫైలు ఏ ఫోల్డర్‌లో పడిందో వెతికి పట్టుకోవడం వేరు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ పిల్లల్ని చూసి శ్రీకాకుళం జిల్లా అంతా మురిసిపోతాం. మామూలు డిగ్రీ పిల్లల సంగతి ఎవరికీ పట్టదు.

2020 నుంచి డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్. మందస నుంచో కొత్తూరు నుంచో వచ్చిన పిల్ల ఏం చేస్తుంది? నెట్ సెంటర్‌కి వెళ్తుంది. బయట క్యూ ఉంటుంది కాబట్టి అక్కడి కుర్రాడు గబగబా మెయిల్ ఐడీ తనే తయారు చేసి, పాస్‌వర్డ్ తనే పెట్టి, రికవరీకి, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చేందుకు, సెంటర్ నంబరే కొట్టేస్తాడు. స్కాలర్‌షిప్ పనికి లాగిన్ అవుదామని మా పిన్ని కూతుర్ని "పాస్‌వర్డ్ ఏటే?" అని అడిగితే, "ఆ నెట్ సెంటర్ అన్నకే తెల్సు అన్నియ్యా" అంది. తన చదువు తాళం ఎవరి జేబులోనో ఉందని దానికి టెన్షన్ కూడా లేదు!

ఓటీపీది ఇంకో గోల. సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌ని ఆధార్‌తో తెరవాలంటే ఓటీపీ ఆధార్‌లో ఉన్న నంబరుకి వెళ్తుంది. ఆ నంబరు నాన్నది. నాన్నేమో గుజరాత్‌లో, వేరావల్‌లో చేపల బోటు మీద, సముద్రంలో. సిగ్నల్ ఎక్కడిది? పిల్ల సొంత నంబరు ఆధార్‌కి ఎక్కించుకోవాలని చేరిన రోజే ఎవరైనా చెబితే ఈ తిప్పలు ఉండవు.

నన్నడిగితే మొదటి రెండు వారాలు పుస్తకం తెరవకూడదు. ఎవరి మెయిల్ వాళ్లే తెరవాలి. పాస్‌వర్డ్ ఇంట్లో నోట్‌బుక్‌లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు, అన్నిటికీ ఒకటే పెట్టడం కంటే నయం. మెమో స్కాన్ చేసి పీడీఎఫ్ చేయడం, ఫొటో సైజు 50 కేబీకి తగ్గించడం, ల్యాబ్‌లో లేచి వెళ్లేముందు లాగౌట్ కొట్టడం. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పడం. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉందని చూపిస్తే సగం భయం అక్కడే పోతుంది.

ఈ ఏడాది చేరినవాళ్లు ఈ రాత్రే గూగుల్ అకౌంట్ తెరిచి రికవరీ నంబరు ఎవరిదో చూసుకోండి. మీది కాకపోతే రేపే ఆ సెంటర్‌కి వెళ్లి, ఆ కుర్రాడు ఉండగానే మార్పించుకోండి. అక్కడ మీ పాత సిమ్ నంబరు ఉన్నా మార్చేయండి: వాడకుండా వదిలేసిన సిమ్‌ని కంపెనీ ఆపేస్తే, ఆపేసిన 90 రోజులు దాటాక ఆ నంబరు వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు.