తువ్వాలు తెచ్చుకున్నారా?

బాప్తిస్మపు తొట్టి దగ్గర మన క్రైస్తవ సంఘాల లెక్క ఎప్పుడూ తప్పదు. ఎనిమిది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీళ్లు. అంటే దగ్గర దగ్గర నాలుగు వేల లీటర్లు. ట్యాంకరుకి శనివారమే చెప్పాలి, ఆదివారం పొద్దున చెబితే రెండో ఆరాధన అయ్యాక వస్తాడు. నీళ్లు ఛాతీ దాకా రాకూడదు, వస్తే మనిషి తేలిపోయి, ముంచే పాస్టరు అయ్యగారికి పట్టు దొరకదు. తెల్లబట్టలు ముతకవై ఉండాలి, పల్చనివైతే తడిశాక పరువు పోతుంది. చీరలకు పిన్నులు పెట్టాలి. మునిగేవాడు మోకాళ్లు కాస్త వంచి వెనక్కి వాలాలి. కర్రలా బిగుసుకున్నాడంటే కాళ్లు పైకి లేచి, అయ్యగారికి కూడా ఇంకోసారి బాప్తిస్మం అవుతుంది. జేబులో ఫోను సంగతి సరేసరి. ఇవన్నీ సంఘ పెద్దలకు కంఠతా వచ్చు.

నీళ్లకి ఇంత లెక్క కట్టే మనం మనిషికి మాత్రం రెండే ప్రశ్నలు వేస్తాం. “ప్రభువుని నమ్ముతున్నావా బాబూ?” “తువ్వాలు తెచ్చుకున్నావా?” తడబడేదెప్పుడూ రెండోదాని దగ్గరే.

ఈ పద్ధతే సరైనదని నా వాదన. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. పునాది వేసి ఆపేసినవాణ్ణి చూసి ఊరు నవ్వుతుందని కూడా ఉంది. కానీ ఆ వాక్యం మనం తీసేదెప్పుడు? చర్చి స్లాబుకి చందాలు తగ్గినప్పుడు. స్లాబుకి అంత బాగా పనికొస్తున్న వాక్యాన్ని మనుషుల మీద వాడి అరగదీయడం దేనికి?

అలా వాడితే ఏమవుతుందో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరని చూస్తే తెలుస్తుంది. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆయన బోధకులే అక్కడ పని చూసేవాళ్లు, విరామంలో వాక్యం చెప్పేవాళ్లు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. ఈయన ఇవ్వనన్నాడు! కూలి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలంటే ముందు కూలి ఆగాలట. ఇవాళ ఏ సువార్త సభల కన్వీనరైనా ఇంత చేతకానితనం చూపిస్తే మర్నాటికి కమిటీలో ఉండడు. కరువు పని ముగిసింది, ఇక ఇచ్చేదేమీ లేదన్నాక కూడా జనం వచ్చారు. వాళ్లని విచారించి, పేర్లు రాసుకుని, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు. తలకి నిమిషం కూడా పట్టలేదు. నెలల తరబడి సాగిందంతా గట్టుమీద పనే.

మనం ఆ గట్టుమీద పని కొట్టేసి నీళ్ల పని ఒక్కటీ ఉంచుకున్నాం. పెళ్లి బాప్తిస్మాలైతే ఇంకా చురుకు. గురువారం తొట్టి, శనివారం తాళి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, సంఘానికి చాలదు. అందుకని పెళ్లికొడుకు పసుపు నలుగుకీ ఫోటోషూట్‌కీ మధ్య దొరికిన ఖాళీలో మునిగి లేస్తాడు. చిత్రమేమిటంటే పెళ్లి ప్రకటన మాత్రం మూడు ఆదివారాలు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పండని సంఘమంతటినీ అడుగుతాం. బాప్తిస్మం గురించి ఆ అబ్బాయినే అడగం.

ఖర్చులు ఆ తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. పాతిక వేల జీతానికి సంఘానికిచ్చే దశమభాగం రెండున్నర వేలు. పీఎఫ్ కోయకముందా, కోశాకా? ముందే అంటుంది సంఘం, కోశాకే అంటుంది ఇల్లాలు. సభ్యత్వ చందా బకాయి పడితే సమాధి స్థలం దగ్గర రసీదు పుస్తకం తెరిచే సంఘాలున్నాయి. అయినా ఇవి డబ్బుతో పోయేవి. భాద్రపదంలో మహాలయ పక్షాలొస్తాయి. అమ్మ పీట వాల్చి, దర్భలూ నువ్వులూ సర్ది, పంతులుగారిని కూర్చోబెట్టి పెద్దకొడుకుని పిలుస్తుంది: “చెయ్యి కడుక్కుని రారా నాన్నా, మీ నాన్నకి ఆలస్యమవుతోంది.” గడపలో నిలబడ్డవాడి దగ్గర అప్పుడు జవాబుండదు. తువ్వాలు మాత్రం ఉంటుంది. మునిగేముందు అడగాల్సిన మూడో ప్రశ్న ఇదేననుకోండి, అడిగితే ట్యాంకరు నీళ్లు వృథా అవుతాయి.

ఇక లెక్క చూసుకోమని గట్టిగా చెప్పే ఆఫీసు ఒకటే ఉంది, తహశీల్దారుది. ఎస్సీ హోదా ఎవరికి వర్తిస్తుందో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో ఉంది. మొదట హిందువులకి, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి. క్రైస్తవుడైన దళితుడు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. వెల్లంపల్లిలో మునిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. నీళ్లలో వాళ్ల కులమేమీ కరగలేదు, వాడ వాడగానే ఉంది. కరిగేది సర్టిఫికెట్టే. అందుకే ఆదివారం యోహాను, సోమవారం యల్లయ్య. రెండు పేర్లవాణ్ణి ఎగతాళి చేయడం సులువే గానీ, ఆ లెక్క వేసింది అతను కాదు. రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు ఈ సంగతి విడమరిచి చెప్పే అయ్యగార్లు తక్కువ. చెబితే పెన్ను అక్కడే ఆగిపోతుందని భయం.

ప్రకటన: ఈ నెల ఆఖరి ఆదివారం బాప్తిస్మాలు ఉన్నవి. తీసుకోదలచినవారు శుక్రవారం లోపల పేర్లు ఇవ్వగలరు. ట్యాంకరుకి అడ్వాన్సు ఇచ్చేశాం.