వన్స్‌మోర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వన్స్‌మోర్ గారికి,

టంగుటూరు పక్క పల్లె నుంచి తమ పాత భక్తుడు నమస్కరించి రాయునది. మేము క్షేమం. తమరు క్షేమంగా లేరని మొన్న తిరునాళ్లలో కళ్లారా చూశాను.

తమరి వైభోగం నాకు తెలీనిది కాదు. రాయబారం నాటకమంటే ఒకే రాత్రికి ముగ్గురు కృష్ణులు. ఒకటో కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివరి పాదం మీద రాగం తీస్తుంటే, హార్మోనియం ఆయన కళ్లు మూసుకుని వెనకే వెళ్లేవాడు. ఇద్దరిలో ముందు ఎవరు ఆగుతారా అని మా తాత విసనకర్ర ఆపి మరీ చూసేవాడు. రాగం దిగగానే ఏదో మూల నుంచి తమరు లేచేవారు. మళ్లీ అదే పద్యం. అదే పద్యమేనా? మొదటిసారి మోహనలో పాడినాయన రెండోసారి ఇంకెటో పోయేవాడు. అర్జునుడు కుర్చీలో ఆవలించేవాడు. తెల్లారి పాల క్యాన్లు బయల్దేరినా సంధి మాత్రం కుదిరేది కాదు.

ఇప్పుడో? మొన్న ఆర్కెస్ట్రాలో ఒక కుర్రాడు బాలు గారి పాట అందుకుని, రెండో చరణంలో గొంతు కాస్త పక్కకు తిప్పాడు. (ఆయన నెల్లూరు వైపు మనిషి కాబట్టి ఇక్కడ ప్రతివాడూ ఆయన పాటకు కాపలాదారే.) "ఏందబ్బయా, పాటలో అట్టా లేదే!" అని వెనక నుంచి కేక. కుర్రాడు ఠక్కున దారిలోకొచ్చాడు. కీబోర్డు ఆయన పెన్‌డ్రైవ్‌ను నమ్ముకుని మిరపకాయ బజ్జీ తింటున్నాడు. పాటయ్యాక తమరు లేచారు. అదే ట్రాక్ మళ్లీ నొక్కారు. దానికి తమరెందుకు సార్?

మా మేనల్లుడు ఫోన్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బ్యాండ్ కచేరీ వినిపించాడు. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, 1995లో గిటారిస్టు జెర్రీ గార్సియా పోయేదాకా 2,300కు పైగా కచేరీలు చేశారట. ఎత్తుకున్న పాట ఆ రాత్రి ఎటు పోతుందో పాడేవాళ్లకే తెలీదు. నేను విన్నది 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లో జరిగింది. ఒకచోట ఆగకుండా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుకుంటారు, రెండూ కలిపి 25 నిమిషాల పైమాటే. ఎక్కడ జారారో పట్టుకుందామని మూడుసార్లు వెనక్కి జరిపాను. దొరకలేదు. కచేరీ అయి బయటికొస్తే మంచు పడుతోందట! మే నెలలో మనకు తగిలేది వడదెబ్బ.

ఏ రెండు రాత్రులూ ఒకలా ఉండవని జనం టేపులు పట్టుకెళ్లి రికార్డు చేసుకునేవాళ్లు. బ్యాండు వద్దనకపోగా 1984లో వాళ్లకు వేరే చోటు కూడా కేటాయించింది. అక్కడా చివర్లో ఇంకోటి పాడమంటారు గానీ, పాడిందే మళ్లీ పాడమని కాదు. తమరికి అక్కడ ఉద్యోగం దొరకదు.

ఇంకో సంగతి. ఆ వెనక కేక నాదే. తర్వాత స్టేజీ పక్కన కుర్రాడు కనబడితే, "అట్టా ఎందుకు తిప్పావురా?" అన్నాను. "ఏమో మామా, వచ్చేసింది" అన్నాడు తల గోక్కుంటూ.

ఆ తిప్పడం ఇంకోసారి వినాలనుంది. అడుగుదామంటే తమరి పేరు తప్ప నోటికి ఇంకో మాట రావట్లేదు.

ఇట్లు,
వెనక వరుస కేకలవాడు