కెల్టు నెత్తురు అంటూ ఒకటి ఉందా?

కెల్టులంటే ప్రాచీన గ్రీకు, రోమన్ రచయితలు ఐరోపాలోని కొన్ని జనాలకు వాడిన పేరు; నేడు ఐరిష్, వెల్ష్ వంటివారిని ఆ పేరుతో పిలుస్తారు. మొదలూ చివరా కనిపించని ముడుల నగిషీని జబ్బ మీద పొడిపించుకుని, ఇది మా కెల్టు పూర్వీకుల గుర్తు అని మురిసిపోయేవారు ఐరోపాలోనూ అమెరికాలోనూ కొల్లలు. ఆ ముడులకు పేరు తెచ్చింది మాత్రం క్రీస్తుశకం 7, 8 శతాబ్దాల మఠాల్లో సువార్తల ప్రతులకు రంగులద్దిన క్రైస్తవ సన్యాసులు. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కెల్టుల పేరు రాసిన వెయ్యేళ్లకు పైగా గడిచాక!

హెరొడోటస్ అయినా చెప్పింది రెండు ముక్కలే. డాన్యూబ్ నది కెల్టుల దేశంలో పుడుతుందన్నాడు, వారు జిబ్రాల్టర్ ఆవల ఉంటారన్నాడు. ఈ రెంటికీ మధ్య సగం ఐరోపా ఉంది. పండితులు చాలాకాలం మొదటి ముక్కనే పట్టుకుని, కెల్టుల పుట్టిల్లు మధ్య ఐరోపా అని వేలాడారంటే కారణం అక్కడి తవ్వకాలే. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పు గనుల దగ్గర 1846 నుంచి సుమారు వెయ్యి సమాధులు బయటపడ్డాయి. 1857లో స్విట్జర్లాండ్‌లో నుషాతెల్ సరస్సు నీరు తగ్గితే లా తెన్ దగ్గర ఇనుప కత్తులు దొరికాయి. అక్కడి ఒరల మీద తీగల్లా మెలికలు తిరిగే నగిషీ ముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ తనను పట్టినవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడాడో కత్తి చెప్పదు.

కెల్టిక్ భాషల పుట్టిల్లు అట్లాంటిక్ తీరమని పురావస్తువేత్త బారీ కన్లిఫ్, భాషావేత్త జాన్ కోక్ వాదించారు. కాదు, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతమని కెల్టిక్ భాషల పండితుడు పాట్రిక్ సిమ్స్-విలియమ్స్ 2020లో అన్నారు. నా మొగ్గు రెండో వాదన వైపే. మొదటిదానికి ఊతమిచ్చిన, స్పెయిన్, పోర్చుగల్ నైరుతి భాగంలో దొరికిన ప్రాచీన తార్తెస్సియన్ శాసనాల భాష కెల్టిక్ అని ఒప్పుకునే భాషావేత్తలు కొద్దిమందే.

అసలు తిరకాసు బ్రిటన్ దగ్గర ఉంది. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల ప్రాంతం) జనంలో ఒక వర్గం తమను కెల్టులమని చెప్పుకుంటారని రాసిన రోమన్ సేనాని సీజర్, క్రీ.పూ. 55, 54లో తాను దండెత్తిన బ్రిటన్ జనాన్ని ఒక్కసారీ ఆ పేరుతో పిలవలేదు. వెల్ష్, ఐరిష్, కార్నిష్, బ్రెటన్ భాషలు పాత గాల్ భాషకు చుట్టాలని 1707లో వెల్ష్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్ చూపాక అవి ‘కెల్టిక్’ అయ్యాయి. భాషల పేరు మెల్లగా మనుషులకు, అక్కడి నుంచి నెత్తురుకు పాకింది. 1856లో కాల్డ్‌వెల్ భాషా కుటుంబానికి స్థిరపరచిన ‘ద్రావిడ’ పేరు ఎంత దూరం నడిచిందో చూసిన మనకు ఇదేమీ వింత కాదు.

2015లో వెలువడిన బ్రిటన్ జన్యు పటంలో వేల్స్, కార్న్‌వాల్, స్కాట్లండ్ జనం ఒకే గుంపుగా తేలలేదు. అయినా జన్యు పరీక్షకిచ్చిన ఉమ్మినీటి చుక్కలో కెల్టు శాతం వెతుక్కునేవారికి కొదవ లేదు.

అలాగని ఇదంతా కట్టుకథ అని కొట్టిపారేసేవారితోనూ నాకు పేచీ ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్యనున్న మాన్ దీవిలో అక్కడి కెల్టిక్ భాష మాంక్స్‌ను చిన్ననాటి నుంచి మాట్లాడిన చివరి తరం మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో కన్నుమూశాడు. 2009లో యునెస్కో ఆ భాషను అంతరించినవాటి పట్టికలో చేర్చింది. అక్కడి మాంక్స్ మాధ్యమం బడిపిల్లలు ఉత్తరాలు రాశారు: మా భాష పోయిందంటున్నారు కదా, మరి మేం రాస్తున్న ఈ భాష ఏది? యునెస్కో పట్టిక దిద్దుకుంది.