సవరణ: థండర్‌బర్డ్‌కి ఎనిగ్‌మెయిల్ అక్కర్లేదు

గుంటూరు బ్రాడీపేట ఆడిటర్ ఆఫీసుల స్టాఫ్ కోసం రాసిన మెయిల్ ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా మెయిల్‌కి లాక్ వేయడం) పోస్టులో, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌తో పాటు ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్, గ్నూపీజీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవాలని ఉంది. అది పాత వెర్షన్ల మాట. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఓపెన్‌పీజీపీ (కీలతో మెయిల్‌కి లాక్ వేసే పద్ధతి) థండర్‌బర్డ్‌లోనే ఉంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెరిచి, యాడ్ కీ నొక్కి కొత్త కీ చేసుకోవచ్చు.

‘ఇక అందరికీ లాక్ వేసి పంపొచ్చు’ అన్న వాక్యానికీ కొంచెం వివరణ కావాలి. అవతలివాళ్లకీ కీ ఉండాలి, వాళ్ల పబ్లిక్ కీ (లాక్ వేయడానికి ఇతరులకు ఇచ్చేది) మీ దగ్గరుండాలి. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారికి బ్యాలెన్స్ షీట్ అలా పంపితే, ఆయన ఫోన్లో మామూలు జీమెయిల్ యాప్‌లో తెరిచి చదవలేరు. వెంటనే మీకే ఫోన్ వస్తుంది! పైగా మెయిల్ ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది ఎన్‌క్రిప్షన్ ఉన్నా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ పోస్టులో అసలు లేని సంగతి ఒకటుంది. సిస్టం ఫార్మాట్ కొట్టించే ముందు సీక్రెట్ కీని (మీకొచ్చిన మెయిళ్ల లాక్ తీసేది) పాస్‌వర్డ్‌తో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అది పోతే, మీకొచ్చిన పాత ఎన్‌క్రిప్టెడ్ మెయిళ్లను ఏ సర్వీస్ సెంటరూ తెరవలేదు.